కష్టానికి ఫలం ఎవరి బాధ్యత? : మనుగడ క్రీడల నేపథ్యంలో ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

మనుగడ ప్రధానంగా సాగే వీడియో క్రీడల్లో కొత్త ప్రాంతం చేరినప్పుడల్లా అక్కడి కష్టానికి తగిన ఫలం దక్కుతున్నదా అనే వివాదం తలెత్తుతుంది. పైకి వినోదానికి సంబంధించినదిగా కనిపించే ఈ వివాదం అడుగున పాత ధర్మప్రశ్న ఒకటి ఉంది. కష్టపడినవానికి ఫలం ఇవ్వవలసిన బాధ్యత ఎవరిది? ఈ వ్యాసం ‘వాల్‌హైమ్’ అనే క్రీడలోని ‘ఆష్‌లాండ్స్’ ప్రాంతంపై వచ్చిన చర్చను ఆధారంగా తీసుకొని, తెలుగు సామెతలు, పల్నాటి వీరగాథ, కాశీమజిలీ కథలు, వేదాంత మీమాంసా వాదాల వెలుగులో ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. హైదరాబాదు తూర్పు భాగంలోని మల్లాపూర్ పారిశ్రామికవాడను ఎదురుగా పెట్టుకొని, క్రీడలో అడిగే న్యాయానికీ బతుకులో అడగవలసిన న్యాయానికీ ఉన్న సంబంధాన్ని నిర్ధారించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: శ్రమ, ప్రతిఫలం, వైషమ్యం, నైర్ఘృణ్యం, మజిలీ, మనుగడ క్రీడ, మల్లాపూర్.

ఉపోద్ఘాతం

శ్రమకూ ఫలానికీ ఉన్న సంబంధం గురించి తెలుగువారు రెండు మాటలు తరచుగా వాడుతారు. ఒకటి ‘కష్టే ఫలే’. రెండవది ‘రెక్కాడితేగాని డొక్కాడదు’. ఈ రెండింటినీ ఒకే అర్థంలో వాడటం అలవాటైపోయింది. జాగ్రత్తగా చూస్తే ఇవి చెప్పే సంగతులు వేరు. మొదటి మాట హామీ ఇస్తుంది: కష్టపడితే ఫలం ఉంటుంది. రెండవ మాట ఏ హామీ ఇవ్వదు. రెక్క ఆడకపోతే డొక్క ఆడదని మాత్రమే అంటుంది. రెక్క ఆడినంత మాత్రాన డొక్క తప్పక ఆడుతుందని అనదు. తర్కపరిభాషలో చెప్పాలంటే మొదటిది శ్రమను ఫలానికి చాలినంత కారణంగా భావిస్తుంది. రెండవది లేకపోతే కుదరని కారణంగా మాత్రమే భావిస్తుంది. మొదటి మాటను ఎక్కువగా బోధించేవారు పలుకుతారు. రెండవ మాటను ఎక్కువగా పనిచేసేవారు పలుకుతారు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు.

శ్రమకు, ఫలానికి పొత్తు కుదరని సందర్భాలకు కూడా తెలుగులో సామెతలు ఉన్నాయి. శ్రమ ఎక్కువై ఫలం తక్కువైతే ‘కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు’ అంటారు. అర్హతకు మించిన ఫలం దక్కితే ‘కాకి ముక్కుకు దొండపండు’ అంటారు. ఈ రెండు సామెతల మధ్య ఎక్కడో న్యాయమైన పాలు ఉందని జనం మనసులో ఒక నమ్మకం ఉంది. అది ఎక్కడ ఉందో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్నకు సామెతలు సమాధానం చెప్పవు. ఆ ప్రశ్న ఇటీవలి కాలంలో అనుకోని చోట, వీడియో క్రీడల్లో, స్పష్టమైన రూపం ధరించింది. అక్కడ పాలు నిర్ణయించేవాడు కంటికి కనిపించే మనిషి కావడమే ఇందుకు కారణం.

బూడిద నేల: వివాద స్వరూపం

మనుగడ క్రీడ అంటే ఆటగాడు నిరాయుధుడుగా ఒక అపరిచిత ప్రపంచంలో అడుగుపెట్టి, తిండి, గూడు, పనిముట్లు తానే సమకూర్చుకుంటూ ప్రాణం నిలుపుకొనే క్రీడ. ఈ కోవలో పేరు పొందిన ‘వాల్‌హైమ్’ను స్వీడన్‌కు చెందిన ఐరన్ గేట్ అనే చిన్న సంస్థ 2021 ఫిబ్రవరిలో, ఇంకా పూర్తి కాని దశలోనే, ఆటగాళ్ళ ముందుకు తెచ్చింది. ఉత్తర ఐరోపా పురాణగాథల నీడలో అల్లిన ప్రపంచం అది. మరణించిన వీరుడు ఒక కొత్త లోకంలో మేల్కొని, పచ్చిక బయళ్ళ నుంచి మొదలుపెట్టి, నల్లని అడవి, చిత్తడి నేల, మంచుకొండ, మైదానం, పొగమంచు నేల అనే క్రమంలో ముందుకు సాగుతాడు. ప్రతి ప్రాంతంలోనూ కొత్త శత్రువులు, కొత్త లోహం, కొత్త ఆహారం ఉంటాయి. ఒక ప్రాంతంలో సంపాదించిన ఆయుధంతోనే తరువాతి ప్రాంతంలో నిలబడగలడు. చనిపోతే అతని సామగ్రి అంతా పడిన చోటనే ఒక సమాధిరాయి కింద ఉండిపోతుంది. వట్టి చేతులతో మళ్ళీ అక్కడికి వెళ్ళి దానిని తెచ్చుకోవాలి. సంపాదించిన నైపుణ్యాలు కూడా ప్రతి మరణంతో కొంత తరుగుతాయి.

2024 మే నెలలో ఈ క్రీడలో ‘ఆష్‌లాండ్స్’ అనే ప్రాంతం చేరింది. పేరుకు తగినట్టే అది బూడిద నేల. ప్రపంచపటంలో దక్షిణపు కొసన ఉంటుంది. దాని చుట్టూ సముద్రం సలసల కాగుతుంటుంది. మామూలు ఓడ ఆ నీటికి తట్టుకోలేదు. ప్రత్యేకమైన ఓడ కట్టుకోవాలి. ఒడ్డున కాలు పెట్టగానే కాలిన కళేబరాల సైన్యం గుంపులు గుంపులుగా మీద పడుతుంది. అక్కడ దొరికే విలువైన లోహం లావా మధ్యన నిలిచిన రాతిస్తంభాల్లో ఉంటుంది. తవ్వడం మొదలుపెట్టగానే ఆ స్తంభం లావాలోకి కుంగిపోసాగుతుంది.

ఈ ప్రాంతం విడుదలైన వెంటనే ఆటగాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోయారు. శత్రువుల ఒత్తిడి ఊపిరి తీసుకోనివ్వకుండా ఉందని, ఇంత శ్రమకు దక్కేది తగినంతగా లేదని ఒక వర్గం వాదించింది. క్రీడలో ఇంత దూరం వచ్చినవారికి ఈ మాత్రం కాఠిన్యం ఉండవలసిందేనని మరొక వర్గం వాదించింది. తరువాతి సవరణల్లో నిర్మాతలు శత్రువుల సంఖ్యను కొంత తగ్గించారు. అంతకుముందే, 2023లో, పోరాటపు తీవ్రతను, మరణానికి విధించే శిక్షను, దొరికే వనరుల పరిమాణాన్ని ఆటగాళ్ళు తమకు తాముగా మార్చుకొనే ఏర్పాటు కూడా క్రీడలో చేరింది.

ఈ వివాదంలో గమనించవలసిన విషయం దాని భాష. ‘నాకు నచ్చలేదు’ అనడంతో ఆటగాళ్ళు ఆగలేదు. ‘ఇది న్యాయం కాదు’ అన్నారు. రుచికి సంబంధించిన విషయంలో న్యాయం అన్న మాట ఎందుకు వచ్చింది? వంట కుదరకపోతే ఎవరూ అన్యాయం జరిగిందని అనరు. ఒక మాట ఇచ్చి తప్పినచోటనో, సమానులను అసమానంగా చూసినచోటనో ఆ పదం పుడుతుంది. కాబట్టి ఈ ఆటగాళ్ళు తమకూ నిర్మాతకూ మధ్య ఏదో ఒప్పందం ఉందని తలచారని గ్రహించాలి. ఆ ఒప్పందపు స్వరూపం ఏమిటో తేల్చడమే ఇక్కడ ప్రధాన విషయం.

వైషమ్యం, నైర్ఘృణ్యం

లోకాన్ని నిర్మించినవానిపై ఇటువంటి ఫిర్యాదు రావడం భారతీయ తత్త్వచింతనకు కొత్త కాదు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో ఈశ్వరుని మీద రెండు దోషాలను ఆరోపించి, వాటికి సమాధానం చెప్పే ఘట్టం ఉంది. ఒకటి వైషమ్యం, అంటే పక్షపాతం. ఒకరికి సుఖం, మరొకరికి దుఃఖం పంచడం. రెండవది నైర్ఘృణ్యం, అంటే దయలేనితనం. ప్రాణులను బాధలో పడవేయడం. ఆష్‌లాండ్స్ మీద వచ్చిన ఫిర్యాదులన్నీ ఈ రెండు మాటల్లోకి ఒదుగుతాయి. ‘శ్రమకు తగిన ఫలం లేదు’ అన్నది వైషమ్యారోపణ. ‘ఊపిరి తీసుకోనివ్వదు’ అన్నది నైర్ఘృణ్యారోపణ. ఈ రెండింటినీ విడదీసి చూడటం అవసరం. ఫలాన్ని రెట్టింపు చేసినంత మాత్రాన దయలేనితనం పోదు. కష్టాన్ని తగ్గించినంత మాత్రాన పక్షపాతం పోదు.

సూత్రకారుని సమాధానం ఏమిటంటే, ఈశ్వరుడు తన ఇష్టం వచ్చినట్టు పంచడు; ప్రాణులు చేసిన కర్మను బట్టి పంచుతాడు. మరి సృష్టి ఆరంభంలో కర్మ ఎక్కడిది అని పూర్వపక్షి అడుగుతాడు. సంసారం అనాది, దానికి మొదలు లేదు కనుక ఆ ప్రశ్నకు తావు లేదని సిద్ధాంతం. ఈశ్వరుని పక్షాన ఇది బలమైన వాదం. క్రీడానిర్మాత పక్షాన ఇది నిలవదు. అతడు నిర్మించిన ప్రపంచానికి పుట్టినరోజు ఉంది. మొదటి శత్రువుకు ఎంత బలం ఉండాలో, మొదటి లోహం ఎన్ని దెబ్బలకు రాలాలో నిర్ణయించినవాడు అతడే. ఆటగాని కర్మను బట్టి ఇస్తున్నానని అతడు చెప్పవచ్చు. ఏ కర్మకు ఎంత అన్న పట్టికను రాసినది కూడా తానేనన్న సంగతిని దాటవేయలేడు. అనాదిత్వమనే ఆశ్రయం లేని సృష్టికర్త తన సృష్టిలోని పాళ్ళకు జవాబుదారీ అవుతాడు.

ఫలాన్ని ఇచ్చేది ఎవరన్న విషయంలో జైమిని, బాదరాయణుల మధ్య ఉన్న అభిప్రాయభేదం కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. చేసిన కర్మ ఆ క్షణాననే నశిస్తుంది. ఫలం ఎప్పుడో వస్తుంది. ఈ ఎడాన్ని కలిపేది ఏది? కర్మ నుంచి పుట్టిన ‘అపూర్వం’ అనే కనిపించని శక్తి అని మీమాంసకులు అన్నారు. ఈశ్వరుడే ఫలదాత అని బాదరాయణుడు అన్నాడు. వీడియో క్రీడ ఈ అపూర్వాన్ని కంటికి కనిపించే అంకెగా మార్చింది. ఆటగాడు చెట్టు నరికిన ప్రతిసారీ అతని నైపుణ్యపు లెక్క పెరుగుతుంది. చేసిన పని వృథా కాలేదని ఆ లెక్క ఎప్పటికప్పుడు సాక్ష్యం చెబుతుంది. బతుకులో దొరకని ఈ సాక్ష్యమే మనుగడ క్రీడకు ఉన్న ఆకర్షణల్లో ముఖ్యమైనది. అలవాటైన ఆ సాక్ష్యం కొత్త ప్రాంతంలో దొరకనప్పుడు కలిగే కోపం, లెక్కలో మోసం జరిగిందని తలచినవాని కోపం వంటిది.

ఇక్కడ ఒక పోలిక అవసరం. తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఆడిన వైకుంఠపాళిలో పాములకు దుర్గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు ఉంటాయి. నిచ్చెనలకు సద్గుణాల పేర్లు ఉంటాయి. పరమపదానికి దగ్గరపడినవానిని పెద్ద పాము మింగి అడుగుకు దించుతుంది. శ్రమ అంతా ఒక్క గవ్వల పందెంతో తుడిచిపెట్టుకుపోయినా అన్యాయమని ఎవరూ అనరు. ఆ ఆటలో శ్రమకు తగిన ఫలమన్న హామీ లేకపోవడం ఇందుకు కారణం. ఆ పాము అందరికీ ఒకటే, ఆ గవ్వలు అందరికీ ఒకటే. సమానత్వం ఉంది, అనుపాతం లేదు. హామీ లేనిచోట కష్టం బాధించవచ్చు, మోసగించదు. హామీ ఉన్నచోట అదే కష్టం మోసంగా మారుతుంది.

మాట తప్పడం: పల్నాటి ఉదాహరణ

హామీకీ కష్టానికీ ఉన్న ఈ సంబంధాన్ని పల్నాటి వీరగాథ అంత తీవ్రంగా చూపిన కథ తెలుగులో మరొకటి అరుదు. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ద్వారా, అంతకన్నా ఎక్కువగా వీరవిద్యావంతుల గానం ద్వారా ఈ కథ జనంలో నిలిచింది. కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం పందెపు షరతు ప్రకారం రాజ్యం విడిచి ఏడేళ్ళు ప్రవాసంలో గడిపింది. గడువు తీరిన తరువాత తమ పాలు తమకు ఇమ్మని అలరాజును రాయబారం పంపింది. ఆ పాలు దక్కలేదు. రాయబారి ప్రాణమూ దక్కలేదు. ఫలితం కారెంపూడి యుద్ధం.

ఈ కథలో యుద్ధకారణం ఏడేళ్ళ కష్టం కాదు. ఆ కష్టాన్ని బ్రహ్మనాయుని పక్షం కిమ్మనకుండా భరించింది. పందెం మంచిదా చెడ్డదా అన్న తగవు కూడా అంతటితో ముగిసింది. కష్టానికి చివరన ఉంటుందన్న ఫలం లేదని తెలిసిన రోజున కత్తులు లేచాయి. మహాభారతంలో పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ముగిసిన తరువాత జరిగినదీ ఇదే. మనిషి కష్టాన్ని ఎంతవరకు ఓర్చగలడన్నది అతని శక్తిని బట్టి ఉంటుంది. మాట తప్పడాన్ని ఎంతవరకు ఓర్చగలడన్నది అతని ఆత్మగౌరవాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు కొలతలు వేరు.

ఆష్‌లాండ్స్ వివాదాన్ని ఈ వెలుగులో చూస్తే ఒప్పందపు స్వరూపం కొంత స్పష్టమవుతుంది. అంతకుముందున్న ఆరు ప్రాంతాలూ ఆటగానికి ఒక క్రమాన్ని అలవాటు చేశాయి: ఇంత ప్రమాదం, ఇంత లాభం, ఇంత విశ్రాంతి. ఎవరూ కాగితం మీద రాయకపోయినా ఆ క్రమమే మాటగా మారింది. క్రమం తప్పినప్పుడు మాట తప్పినట్టయింది. నిర్మాత నోరు తెరిచి మాట ఇవ్వలేదు కనుక తప్పు లేదనడం కుదరదు. అలవాటు చేసినవాడు ఆ అలవాటు పుట్టించిన ఆశకు కొంతవరకైనా బాధ్యుడే.

మజిలీ: విశ్రాంతి ఫలం కాదు

మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన కాశీమజిలీ కథల చట్రం ఈ చర్చకు మరొక కోణాన్ని అందిస్తుంది. మణిసిద్ధుడనే యతి కాశీకి వెళ్ళదలచి తోడు కోసం వెతుకుతాడు. గోపకుమారుడొకడు దారిలో తాను అడిగిన వింతకు కథ చెప్పాలన్న షరతు మీద అతని వెంట నడుస్తాడు. పగలు నడక, మజిలీలో కథ. కాశీ అనే అంతిమఫలం చాలా దూరాన ఉంది. అయినా ప్రయాణం సాగుతుంది. దారిలో చూసిన వింతకు ఆ రాత్రే అర్థం తెలియడం ఇందుకు తోడ్పడుతుంది.

ఈ చట్రంలో మూడు వేర్వేరు సంగతులు ఇమిడి ఉన్నాయి. కాశీ గమ్యం. కథ ఫలం. మజిలీ విశ్రాంతి. ఫలం ఎంత గొప్పదైనా విశ్రాంతి చేసే పని చేయలేదు. విశ్రాంతి శ్రమకు చెల్లించే ధర కాదు. శ్రమ కొనసాగడానికి అవసరమైన నేల. ఆష్‌లాండ్స్ పై వచ్చిన ఫిర్యాదుల్లో బలమైనది ఫలం తక్కువన్నది కాదు; మజిలీ లేదన్నది. ఒడ్డున దిగిన క్షణం నుంచి గుంపు వెంట గుంపు వస్తుంటే, తాను చూసినది ఏమిటో, ఎందుకు ఓడిపోయాడో ఆలోచించే వ్యవధి ఆటగానికి ఉండదు. ఆలోచనకు వ్యవధి లేని కష్టం మనిషికి ఏమీ నేర్పదు. నేర్పని కష్టాన్ని కాఠిన్యం అనడం కన్నా వ్యర్థత అనడం సరైనది. శత్రువుల సంఖ్యను తగ్గించిన సవరణను కూడా ఈ దృష్టితో చూడవచ్చు. పైకి అది కష్టాన్ని తగ్గించడంగా కనిపించినా, చేసిన పని మజిలీకి చోటు కల్పించడం.

మల్లాపూర్ పారిశ్రామికవాడ: చట్టం రాసిన పాలు

ఉప్పల్, నాచారం ప్రాంతాలను ఆనుకొని ఉన్న మల్లాపూర్‌లో పారిశ్రామికవాడ ఒకటి ఉంది. పక్కనే నాచారం పారిశ్రామికవాడ, కార్మిక రాజ్య బీమా ఆసుపత్రి ఉన్నాయి. షిఫ్టుల లెక్కన రోజు నడిచే ప్రాంతం ఇది. ఇక్కడి మనుగడకు లావా లేదు, కాలిన కళేబరాల సైన్యం లేదు. కష్టానికి ఇంత అన్న పట్టిక మాత్రం ఉంది. ఆ పట్టికను రాసినవారు కూడా మనుషులే.

1948 నాటి కర్మాగారాల చట్టం ఒక కార్మికుడు రోజుకు తొమ్మిది గంటలకు గాని, వారానికి నలభై ఎనిమిది గంటలకు గాని మించి పనిచేస్తే, మించిన కాలానికి మామూలు వేతనానికి రెట్టింపు చెల్లించాలని నిర్దేశించింది. విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదని, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా చెప్పింది. కనీస వేతనాల చట్టం, కార్మిక రాజ్య బీమా చట్టం కూడా ఆ ఏడాదివే. తరువాతి కాలంలో కార్మిక చట్టాలు సంహితలుగా మారినా, ఈ ఆలోచనకు ఆధారమైన సూత్రం గమనార్హం. ఓవర్‌టైముకు ఒకటికి రెండు అన్న అంకె ప్రకృతి ఇచ్చినది కాదు. ఇనుము కరిగే వేడిని ప్రకృతి నిర్ణయిస్తుంది. ఆ వేడి ముందు నిలబడిన గంటకు ఎంత అన్నది సమాజం నిర్ణయిస్తుంది. రెట్టింపు అన్నది ఫలానికి సంబంధించిన నియమం. ఐదు గంటలకు అరగంట అన్నది మజిలీకి సంబంధించిన నియమం. వైషమ్యం, నైర్ఘృణ్యం వేర్వేరు దోషాలని చట్టం కూడా గుర్తించింది; ఒకదానికి డబ్బుతోను, మరొకదానికి కాలంతోను విరుగుడు రాసింది. విశ్రాంతిని డబ్బుకు అమ్ముకొమ్మని అనలేదు.

క్రీడలోని ఫిర్యాదునూ కర్మాగారంలోని ఫిర్యాదునూ పక్కపక్కన పెట్టడం అనౌచిత్యంగా తోచవచ్చు. ఆటగాడు ఇష్టపడి కష్టంలో దిగుతాడు. కార్మికుడు తప్పక దిగుతాడు. ఆట అంటే అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమని తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువడిన ‘ది గ్రాస్‌హాపర్’ గ్రంథంలో నిర్వచించాడు. కొండ ఎక్కడానికి దగ్గరి దారి ఉన్నా దూరపు దారిని ఎంచుకోవడం ఆటలో భాగం. కూలి అడ్డా మీద నిలబడిన మనిషికి దగ్గరి దారి, దూరపు దారి అన్న ఎంపిక లేదు. ఈ భేదం నిజమైనది, దానిని చెరిపివేయరాదు.

అయితే ఈ భేదం నుంచి వచ్చే నిర్ణయం సాధారణంగా అనుకొనేదానికి భిన్నమైనది. అవసరం లేని అడ్డంకి గురించే ఇంత నిష్ఠగా న్యాయం అడుగుతున్నప్పుడు, తప్పించుకోలేని అడ్డంకి గురించి అంతకన్నా ఎక్కువ నిష్ఠతో అడగవలసి ఉంటుంది. జరుగుతున్నది దీనికి విరుద్ధం. బూడిద నేలలో శత్రువుల సంఖ్య ఎక్కువైతే దానిని రాసినవారిని నిలదీస్తారు. వేతనం చాలకపోతే తలరాత అంటారు. తెలుగులో ‘రాత’ అన్న మాట రెండు చోట్లా ఉంది. మొదటి చోట అది ఎవరు రాశారో తెలుసు కనుక దిద్దవచ్చునన్న నమ్మకం ఉంది. రెండవ చోట రాసినవాడు కనిపించడు కనుక దిద్దవచ్చునన్న ఊహే పుట్టదు. మల్లాపూర్ పట్టికను రాసిన చేతులు విధివి కావు. చట్టానివి, యాజమాన్యానివి, బేరానివి. అనాదిత్వమనే ఆశ్రయం వాటికీ లేదు.

రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ప్రధానమైన ఆక్షేపణలు రావచ్చు. ఫలాన్ని ఆశించకుండా కర్మ చేయడమే ఉత్తమమని భగవద్గీత బోధిస్తుంది కదా, తగిన ఫలం కోసం తగవు పెట్టుకోవడం ఆ ఆదర్శానికి విరుద్ధం కాదా అన్నది మొదటిది. దీనికి సమాధానం ఆ బోధ ఎవరిని ఉద్దేశించినదన్న విషయంలో ఉంది. నిష్కామత్వం కర్మ చేసేవానికి చేసిన ఉపదేశం. ఫలం ఇవ్వవలసినవానికి ఇచ్చిన మినహాయింపు కాదు. ఒక మనిషి తనకు తాను ఫలాపేక్ష వద్దనుకోవడం త్యాగం. ఫలం ఇవ్వవలసినవాడు అతనిని ఫలాపేక్ష వద్దనడం అపహరణ. మాట ఒకటే అయినా పలికే నోరు మారితే దాని ధర్మం మారుతుంది.

రెండవ ఆక్షేపణ కాఠిన్యాన్ని ప్రేమించేవారిది. కష్టమే ఫలం, దానిని తగ్గిస్తే, దాటినవారి విజయం చులకన అవుతుంది అని వారంటారు. ఇందులో సత్యం ఉంది. ఎవరైనా ఎక్కగల కొండ మీద జెండాకు విలువ ఉండదు. తీవ్రతను ఎవరికి వారు మార్చుకొనే ఏర్పాటు ఈ సమస్యను సగమే తీరుస్తుంది. అందరూ ఒకే కష్టాన్ని దాటామన్న తోడితనం అందులో పోతుంది. అయినా ఈ ఆక్షేపణ ఒక విషయాన్ని మరుస్తుంది. కష్టం ఫలంగా మారాలంటే అది మనిషిలో ఏదో మిగల్చాలి: కొత్త ఒడుపు, కొత్త తెలివి, తన శక్తి మీద కొత్త అంచనా. ఎందుకు పడిపోయాడో తెలియని పతనం, నూరవసారి కూడా మొదటిసారి లాగే ఉండే పతనం, దేనినీ మిగల్చదు. కాఠిన్యాన్ని సమర్థించేవారు సమర్థించవలసినది మిగిల్చే కష్టాన్ని మాత్రమే.

దీనికి ఎదురుగా మరొక ప్రమాదం కూడా ఉంది. శ్రమతో నిమిత్తం లేకుండా, ఎప్పుడు వస్తుందో తెలియని ఫలంతో ఆశ పెట్టి మనిషిని కట్టిపడేసే ఆటలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో జూద నిషేధ చట్టాన్ని సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించడం వెనుక ఉన్న ఆందోళన ఇటువంటి ఆశ గురించినదే. కొండను తవ్వించి ఎలుకను ఇవ్వడం ఒక అన్యాయమైతే, కాకి ముక్కుకు ఏనాటికైనా దొండపండు తగులుతుందని ఊరించడం మరొక అన్యాయం. మొదటిది శ్రమను దోచుకుంటుంది. రెండవది శ్రమ మీద నమ్మకాన్నే దోచుకుంటుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి ఒకరు మరొకరికి విధించే కష్టం న్యాయమైనది కావడానికి నాలుగు లక్షణాలు ఉండాలని తేలుతుంది. దాని స్వరూపం ముందుగా తెలియాలి. దాని మధ్యలో మజిలీ ఉండాలి. అది పడినవానిలో ఏదో మిగల్చాలి. దాని చివరన ఉంటుందన్న ఫలం నిజంగా ఉండాలి. మొదటి, నాలుగవ లక్షణాలు మాట నిలుపుకోవడానికి సంబంధించినవి. రెండవ, మూడవ లక్షణాలు మనిషిని మనిషిగా చూడటానికి సంబంధించినవి. ఫలం మొత్తాన్ని పెంచడం ఒక్కటే పరిష్కారమనుకొనేవారు ఈ నాలుగింటిలో ఒక్కదానినే చూస్తున్నారు.

సద్గుణానికి తగిన సుఖం దక్కే లోకాన్ని ఊహించాలంటే ఈశ్వరుని అంగీకరించక తప్పదని ఇమ్మాన్యుయేల్ కాంట్ 1788 నాటి తన గ్రంథంలో వాదించాడు. వీడియో క్రీడ అటువంటి లోకాన్ని చిన్న కొలతలో కట్టి చూపింది. అందులోని ఈశ్వరుడు ఫిర్యాదు వింటాడు. కొన్నిసార్లు తన రాత దిద్దుకుంటాడు. ఈ అనుభవం నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. కష్టపడితే ఫలం తప్పక ఉంటుందన్న పాఠం తీసుకుంటే, ఫలం దక్కనివాడు కష్టపడలేదని నిందించే క్రూరత్వానికి అది దారితీస్తుంది. షిఫ్టు దిగి మల్లాపూర్ నుంచి ఇంటికి నడిచే మనిషి ముందు ఆ పాఠం నిలవదు. అతని రెక్క ఆడనిది ఎప్పుడు? శ్రమకూ ఫలానికీ మధ్యనున్న పాలు ఎవరో రాసినది, రాసినది కనుక దిద్దదగినది అన్నది రెండవ పాఠం. ‘కష్టే ఫలే’ అన్న మాట లోకస్వభావాన్ని వర్ణించే వాక్యంగా చూస్తే అబద్ధం. ఫలం ఇవ్వవలసినవారి బాధ్యతను తెలిపే వాక్యంగా చదివితేనే దానికి అర్థం నిలుస్తుంది.